నరము

తెలంగాణమునుండి సూరతునకు తరలివచ్చి మరమగ్గములు నడుపు పద్మశాలీలు చేయి లాగినపుడు ‘నరం పట్టేసింది’ అందురే గాని, అది కండయో, స్నాయువో, నాడియో విడదీసి చెప్పరు. ఆ మాటయే అట్టిది. కన్నడమున అది ‘నర’. తమిళ ‘నరంబు’ యాళువాద్యపు తంత్రికిని పేరు. లాటిను ‘నెర్వస్’ సైతము స్నాయువునకును వింటినారికిని చెల్లినదే. వైద్యులీ కలగలుపునకు ముక్కు విరుతురు గాక! ఐనను ఆ కలగలుపే తగిన చోటొకటి కలదు, అది కృత్రిమహస్తము. చేయి తెగినను ముంజేత మిగిలిన కండలు మెదడు ఆజ్ఞకు బిగియుచునే యుండును. అప్పుడు పుట్టు, కొలది మిల్లీవోల్టులకు మించని విద్యుత్తును చర్మముపై నంటించిన ఎలక్ట్రోడులు గ్రహింపగా, దానిని పెంచి, వడగట్టి, కృత్రిమహస్తపు మోటారును త్రిప్పుదురు. యంత్రము వినునది నరపు ఆజ్ఞనే, కాని కండ నోట. కావున ఆ విద్యుత్తునకు ‘విద్యుత్కండర సంకేతము’ అను పేరుకన్న ‘నరపు సైగ’యే నాకు సమ్మతము.