అంకె చెప్పిన వయసు

సెల్‌ఫోనులో పిల్లలు దింపుకునే ప్రతి ఆట దగ్గరా ఓ చిన్న అంకె ఉంటుంది. 3+, 7+, 12+, 16+, 18+ అని. మందుసీసా మీద గడువు తేదీ చూస్తాం. పాలపొట్లం మీద తేదీ చూస్తాం. ఈ అంకెను మాత్రం చూడం. చూసినా, అది వేసిందెవరు, ఏం చూసి వేశారు, అందులో నిజమెంత అని అడగం. నేను అడగడం మొదలుపెట్టాను. ఆ అంకెకు ఓ చరిత్ర ఉంది. చిన్నదే గాని, సీరియల్ నవలకు తీసిపోని మలుపులున్నాయి దానికి.

వయసు ముద్రతో మనకు తొలి పరిచయం సినిమా వల్ల. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం అందరికీ ‘యు’, పెద్దలకు మాత్రం ‘ఎ’ అని రెండే గీతలు గీసింది. అయిదేళ్ళ పసివాడికీ పదిహేనేళ్ళ కుర్రాడికీ ఒకటే కొలత! తన డాక్యుమెంటరీకి ‘యు’ ఇవ్వలేదని కె.ఎ. అబ్బాస్ సుప్రీంకోర్టుకెక్కితే, పిల్లల్నీ పెద్దల్నీ వేరుగా చూడటం సబబేనని 1970లో కోర్టు తేల్చింది. 1983లో మధ్యేమార్గంగా ‘యు/ఎ’ వచ్చింది. పన్నెండేళ్ళ లోపువాళ్ళయితే అమ్మానాన్నలు ఆలోచించుకోవాలన్నమాట. 2023లో చట్టాన్ని సవరించాక ఆ ‘యు/ఎ’ కాస్తా 7, 13, 16 అని మూడు పాయలైంది. ఏడేళ్ళవాడు వేరు, పదమూడేళ్ళవాడు వేరు అని చట్టం ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. ఏ తల్లినడిగినా నిమిషంలో చెప్పేది!

అయితే ముద్ర వేయడం ఒక ఎత్తు, దాన్ని పాటించడం మరో ఎత్తు. మా వరికుంటపాడు వైపు డేరా సినిమాలాడే రోజుల్లో టికెట్టు చించేవాడికి ‘ఎ’ ముద్రతో పనుండేది కాదు, డబ్బులిస్తే చాలు. కానీ ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. ఫలానావారి పిల్లవాడు రాత్రి ఫలానా సినిమాలో కనిపించాడంటే, తెల్లవారేసరికి కబురు ఇంటికి చేరేది. ఆ సెన్సారు బోర్డుకు చట్టం లేదు, జీతం లేదు. పని మాత్రం కచ్చితంగా జరిగేది.

ఇక వీడియో ఆటల సంగతి. 1976లో అమెరికాలో ‘డెత్ రేస్’ అనే ఆట వచ్చింది. తెర మీద బొమ్మల్ని కారుతో తొక్కించడమే ఆట. ఇప్పుడు చూస్తే పుల్లలతో గీసిన బొమ్మల్లా ఉంటాయి, అయినా అప్పట్లో పెద్ద గగ్గోలే పుట్టింది. అసలు తుఫాను 1993 డిసెంబరులో లేచింది. ‘మోర్టల్ కాంబాట్’, ‘నైట్ ట్రాప్’ లాంటి ఆటల మీద అమెరికా సెనేట్‌లో విచారణ జరిగింది. మీరు వయసు ముద్రలు వేసుకుంటారా, మమ్మల్నే వేయమంటారా అని సెనేటర్లు అడిగేసరికి కంపెనీలు దిగివచ్చాయి. 1994లో ఇ.ఎస్.ఆర్.బి. అనే సంస్థను పెట్టుకున్నాయి. యూరప్‌లో 2003లో ‘పెగీ’ వచ్చింది. మన ఫోన్లలో కనిపించే అంకెలు వీళ్ళ కూటమి నడిపే పద్ధతి నుంచి వచ్చినవే.

మరి ఈ అంకె వేసేదెలా? సినిమాకైతే బోర్డువాళ్ళు మొదటి రీలు నుంచి చివరిదాకా కూర్చుని చూస్తారు. మూడు గంటల పని. ఆట అలా కాదే! యాభై గంటలు ఆడినా అయిపోనివి ఉన్నాయి. ఒకడు చూసినది ఇంకొకడికి కనపడకపోవచ్చు. అందుకని దుకాణాల్లో డబ్బాలో పెట్టి అమ్మే ఆటలకు, కంపెనీ నింపి పంపిన ప్రశ్నాపత్రాన్నీ, అది పంపిన వీడియోనూ చూసి ముద్ర వేస్తారు. ఫోనులో దింపుకునే ఆటలకైతే ఆ పాటి చూడటం కూడా ముందుగా ఉండదు. ఆట తయారుచేసినవాడే ప్రశ్నలకు జవాబులిస్తాడు, యంత్రం అంకె వేస్తుంది. తర్వాత తనిఖీలుంటాయి, తప్పని తేలితే మారుస్తారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెళ్ళిచూపులకు వచ్చినవాడు తన గుణగణాలు తనే రాసిచ్చినట్టుంది ఈ వ్యవహారం.

ఆ రాసిచ్చినదాంట్లో నిజమెంతో హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయం పరిశోధకులు పరీక్షించారు. అందరికీ పనికొస్తాయని ముద్ర ఉన్న 55 ఆటలు తీసుకుంటే, 35 ఆటల్లో కావాలని చేసే హింస కనిపించిందని 2001లో రాశారు. పదమూడేళ్ళు దాటినవాళ్ళకని ముద్రవేసిన 81 ఆటల్ని ఆడి చూస్తే, దాదాపు సగం ఆటల్లో డబ్బా మీద చెప్పని సంగతులు బయటపడ్డాయని 2004లో ప్రకటించారు. మరుసటి ఏడే ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ గొడవ వచ్చింది. ఆట తాలూకు కోడ్‌లో ఓ అసభ్య ఘట్టం దాగి ఉందని బయటివాళ్ళు కనిపెట్టారు. 17 ఏళ్ళ ముద్ర తీసేసి, పెద్దలకు మాత్రమేనని 18 వేశారు. ముద్ర వేసినవాళ్ళకు కంపెనీ చూపని గది ఒకటి ఉందన్నమాట ఆ ఇంట్లో!

ఇది ఒకవైపు తప్పు. రెండోవైపు తప్పూ ఉంది. ‘బలాట్రో’ అని ఒక ఆట 2024లో వచ్చింది. పేకముక్కలతో లెక్కలు కట్టుకుంటూ ఆడే ఆట. పైసా పందెం లేదు. అయినా పోకర్ పద్ధతి నేర్పుతోందని పెగీవారు 18 వేశారు. ఫుట్‌బాల్ ఆటల్లో మాత్రం, లోపల ఏ ఆటగాడున్నాడో తెలియని పొట్లాలను అసలు డబ్బుతో కొనే ఏర్పాటు ఉంది. వాటికి అప్పట్లో 3! తిరునాళ్ళలో లాటరీ చీటీ లాగించడం లాంటిదే అది. ‘బలాట్రో’ చేసినాయన ఈ తేడాను ఎత్తిచూపాడు. అప్పీలు జరిగింది. 2025 ఫిబ్రవరిలో 18 కాస్తా 12 అయింది.

ఈ ముక్క చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మగవాళ్ళ పేకాట అరుగు వైపు పిల్లల్ని చూడనిచ్చేది కాదు. వేసవి మధ్యాహ్నాలు మాత్రం అవే ముక్కలతో మాచేత గాడిదాట ఆడించేది. “అదేంది నాయనమ్మా, పేక తప్పన్నావుగా?” అంటే, “తప్పు ముక్కల్లో లేదమ్మే, కింద పెట్టే డబ్బుల్లో ఉంది” అనేది. అంత పెద్ద సంస్థకు అప్పీలుదాకా వెళ్తేగాని తట్టని సంగతి!

ముద్ర సరిగ్గా ఉన్నా, గుమ్మం దగ్గర ఆపేవాడొకడుండాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిల్లల్ని రహస్యంగా దుకాణాలకు పంపి పరీక్షించేది. 17 ముద్ర ఉన్న ఆటల్ని 2000లో నూటికి 85 మంది పిల్లలు కొనుక్కోగలిగారు. 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం అది 13కు పడిపోయింది. దుకాణదారులు బాధ్యత తెలుసుకుంటే ముద్రకు విలువ వచ్చింది. ఫోనుకు దుకాణదారుడేడీ?

మన పబ్జీనే తీసుకోండి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. కారణం పిల్లల వయసు కాదు, దేశభద్రత. 2021లో పేరు మార్చుకుని తిరిగొచ్చింది. పద్దెనిమిది లోపువాళ్ళకు పెద్దల అనుమతి ఉండాలనీ, రోజుకు మూడు గంటలకు మించకూడదనీ షరతులు పెట్టుకుంది. నెత్తుటి రంగును పచ్చగా మార్చింది. బాగానే ఉంది. కానీ పిల్లవాడి వయసెంతో ఆ ఆటకు చెప్పేదెవరు? పిల్లవాడే!

డబ్బు పందేల విషయంలో మన ప్రభుత్వాలు వయసు లెక్కలు పక్కన పెట్టి తలుపే మూశాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పందెం లేని వేలకొద్దీ ఆటల సంగతి మాత్రం ఆ చిన్న అంకె మీదే, దాన్ని చదివే మన మీదే మిగిలింది.

మా ఉదయగిరి మెట్టలో వానలు మొహం చాటేస్తే కొడుకూ కోడలూ పనులకని పట్నాలు పోతారు. పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. అమ్మానాన్నలతో మాట్లాడటానికి కొన్న ఫోనే ఆటస్థలం. ఆ అవ్వకు 12+ అంటే ఏమిటో ఎవరు చెబుతారు? అంకెను నమ్మవద్దని నేననను. అది కాపలాదారు కాదు, పక్కింటావిడ చెప్పిన మాట లాంటిది. వినాలి, మనం కూడా ఓసారి చూడాలి. అంకె పక్కనే హింస, జూదం, అపరిచితులతో మాటలు అని చిన్న అక్షరాలుంటాయి. అంకె కంటే అవే ఎక్కువ చెబుతాయి. ఆటలో మాట కలిపే కొత్తవాళ్ళకు ఏ సంస్థా ముద్ర వేయలేదని మరిచిపోవద్దు.

కాబట్టి, ఈ ఆదివారం ఓ పావుగంట మీ పిల్లవాడి పక్కన చేరి, “ఏదిరా అబ్బయా, నాకూ నేర్పు” అనండి. వాడు సంతోషంగా నేర్పితే మంచిదే. ఫోను వెనక్కి తిప్పుకున్నాడో, అక్కడ ఏ అంకె ఉన్నా మీరు మరి కాసేపు కూర్చోవలసిందే!