టీవీ తెర నుంచి జైలు గది దాకా.. ఎవరీ జిమ్ బేకర్? అసలేం జరిగింది?

టీవీలో నవ్వుతూ కనిపించే ఓ పాస్టర్.. పక్కనే మస్కారా కారిపోయేలా ఏడ్చేస్తూ పాటలు పాడే భార్య. 1980ల్లో అమెరికా టీవీలో ఈ జంట ఓ రేంజ్‌లో ఫేమస్. ఆయనే జిమ్ బేకర్, ఆవిడ టామీ ఫే. వాళ్ల నెట్‌వర్క్ పేరు పీటీఎల్.

సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్‌లో 2,300 ఎకరాల్లో 'హెరిటేజ్ యూఎస్ఏ' కట్టారు. హోటల్, వాటర్ పార్క్, షాపింగ్.. అచ్చం డిస్నీల్యాండ్‌కు క్రైస్తవ వెర్షన్ అన్నమాట!

అసలు కథ ఇక్కడే మొదలైంది. 1984లో బేకర్ ఓ స్కీమ్ పెట్టాడు. వెయ్యి డాలర్లు కడితే ఏటా 3 రాత్రులు హోటల్లో ఉచిత బస.. అదీ జీవితాంతం! గ్రాండ్ హోటల్‌కి 25 వేల మందినే తీసుకుంటామని చెప్పి, 66 వేల మందికి పైగా అమ్మేశారు. గదులేమో 500 మాత్రమే. రెండోది టవర్స్ హోటల్.. అది పూర్తే కాలేదు. మొత్తం వసూళ్లు 15.8 కోట్ల డాలర్లు. అందులో 37 లక్షల డాలర్లు సొంతానికి వాడుకున్నాడన్నది ప్రాసిక్యూషన్ మాట. డబ్బు కట్టినవాళ్లలో పింఛను మీద బతికే వృద్ధులూ ఉన్నారు. బేకర్ ఇంట్లో కుక్కకి మాత్రం ఏసీ ఉన్న గూడు!

1987 మార్చిలో మరో బాంబు పేలింది. ఓ చర్చి సెక్రటరీతో వ్యవహారం, ఆమె నోరు విప్పకుండా ఇచ్చిన డబ్బు బయటపడ్డాయి. దీంతో బేకర్ రాజీనామా చేశాడు. కొన్ని నెలలకే పీటీఎల్ దివాలా తీసింది. ఈ గుట్టు బయటపెట్టిన 'షార్లెట్ అబ్జర్వర్' పత్రికకు పులిట్జర్ వచ్చింది.

1989లో కోర్టు 24 అభియోగాల్లో దోషిగా తేల్చి 45 ఏళ్ల జైలు, 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయితే డబ్బాశ బోధకుల చేతిలో మోసపోయి విసిగిపోయామంటూ శిక్ష వేసేటప్పుడు జడ్జి తన సొంత మతాన్ని మధ్యలోకి తెచ్చారు. అదే బేకర్‌కి కలిసొచ్చింది. 1991లో అప్పీల్ కోర్టు శిక్షను కొట్టేసింది, నేరాన్ని మాత్రం కాదు. తర్వాత శిక్ష 8 ఏళ్లకు తగ్గింది. దాదాపు ఐదేళ్లు జైల్లో గడిపి 1994లో బయటికొచ్చాడు. ఈలోగా టామీ ఫే విడాకులు తీసుకుంది.

1996లో 'ఐ వాజ్ రాంగ్' అని పుస్తకం రాశాడు. డబ్బు కట్టినవాళ్లు వేసిన దావా కూడా అదే ఏడాది జ్యూరీ ముందు వీగిపోయింది.

కట్ చేస్తే.. బేకర్ మళ్లీ టీవీలోకి వచ్చేశాడు. 2020లో కరోనా మొదలవగానే తన షోలో 'సిల్వర్ సొల్యూషన్' అనే ద్రావణం అమ్మాడు. మిస్సోరి రాష్ట్రం కేసు పెట్టింది. 2021లో తప్పు ఒప్పుకోకుండానే, కొన్నవాళ్లకు సుమారు 1.56 లక్షల డాలర్లు వెనక్కి ఇచ్చేందుకు రాజీ కుదుర్చుకున్నాడు.