ఆనందమైడ్

1992 డిసెంబరులో 'సైన్స్' పత్రిక ద్వారా ఒక సంస్కృత ధాతువు రసాయనశాస్త్రంలో కాలు పెట్టింది. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో విలియం డివేన్, లుమీర్ హనూష్, రఫాయెల్ మెషూలమ్ తదితరులు పంది మెదడు నుంచి ఒక అణువును వేరుచేశారు. గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులో పట్టుకునే రిసెప్టర్‌నే ఇదీ పట్టుకుంటుంది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్.

పేరులో ముందుభాగం మన ఆనందమే. 'ఆ' ఉపసర్గ, 'నంద్' ధాతువు. నందనం, నందిని, అభినందన ఆ ఇంటి పిల్లలే. వెనకభాగం అమైడ్, అమ్మోనియా నుంచి పుట్టిన మాట. ఆ అమ్మోనియా మూలం ప్రాచీన లిబియాలో అమ్మోను దేవుడి గుడి దగ్గర దొరికే ఉప్పు పేరులో ఉంది. సవర్ణదీర్ఘసంధి చేసి ఉంటే ఇది 'ఆనందామైడ్' అయ్యేది. మేనత్తలో లాగా అకారం లోపించింది గనక మన చెవికి అచ్చం అకారసంధే.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు బ్రహ్మమంటే ఏమిటో వెతుకుతూ అన్నంతో మొదలై ఆనందం దాకా వెళ్లాడు. ఈ అణువు ఎదురు దారిలో, ఆనందం పేరుతో వచ్చి అన్నం దగ్గర తేలింది. పస్తున్న ఎలుకల మెదడులో భావోద్వేగాలకు నెలవైన భాగాల్లో దీని మోతాదు పెరుగుతుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోను మెదడులోని హైపోథాలమస్‌లో దాన్ని తగ్గిస్తుంది. మెదడులోనే న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట దాన్ని చుక్కంత వేస్తే ఎలుకకు తీపి మరింత ఇష్టమవుతుంది.

ఇక్కడ 'రుచి' గుర్తొస్తుంది. దాని తొలి అర్థం వెలుగు, తర్వాత ఇష్టం, నాలుకకు తెలిసే రుచి ఆ తర్వాతే. ఆయుర్వేదం 'అరుచి' అన్నప్పుడు అన్నం మీద ఇష్టం పోవడం గురించే చెబుతుంది. ఆనందమైడ్ పనిచేసేది సరిగ్గా ఆ నడిమి అర్థం మీద.

నందనుడంటే సంతోషపెట్టేవాడు, కొడుకు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో ఆనందమైడ్ పట్టుకునే ఆ రిసెప్టర్‌ను, అంటే సీబీ1ను, రిమోనబాంట్ అనే మందుతో మూసేస్తే అవి పాలు తాగవు, బతకవు. అదే మందును ఊబకాయం తగ్గించడానికి 2006లో యూరప్ అనుమతించింది. బరువు తగ్గింది. కానీ కొందరిని దిగులు కమ్మింది, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో అమ్మకాలు ఆగిపోయాయి. పేరు పెట్టిన 16 ఏళ్లకు, ఆ పేరు ఎంత నిజమో రోగుల బాధలో తేలింది.

1995లో దొరికిన తోటి అణువు 2-ఏజీ మెదడులో ఆనందమైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆకలిలో దాని పాత్రా పెద్దదే. దానికి మాత్రం ఏ ధాతువూ దక్కలేదు.