రెండో వరుస చదువు: ఉత్తరాంధ్రలో ఉన్నత విద్యా పరిపాలన, ఆన్‌లైన్ పీజీ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 2008 దాకా స్వతంత్ర విశ్వవిద్యాలయం ఒక్కటీ లేదు. డిగ్రీ పరీక్షలు, ఫలితాలు, కళాశాలల గుర్తింపు అన్నీ విశాఖపట్నం నుంచే నడిచేవి. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శ్రీకాకుళానికి ఇచ్చిన పీజీ కేంద్రం 2008 జూన్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా మారి ఎచ్చెర్లలో నిలదొక్కుకుంది. 2017లో విజయనగరం జిల్లాలో ప్రైవేటు రంగంలో సెంచూరియన్ వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కొండకరకంలోని తాత్కాలిక ప్రాంగణంలో మొదలైంది. 2022 జనవరిలో విజయనగరంలోని ఇంజనీరింగ్ కళాశాల జేఎన్‌టీయూ-గురజాడ అయింది. అంటే పద్నాలుగేళ్ల లోపు నాలుగు విశ్వవిద్యాలయాలు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చట్టాల కింద పుట్టాయన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. ఎచ్చెర్లది 1991 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం, గురజాడది 2008 నాటి జేఎన్‌టీయూల చట్టం, గిరిజన విశ్వవిద్యాలయానిది 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టానికి 2019లో చేసిన సవరణ, సెంచూరియన్‌ది 2016 నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం. పాలకమండలి కూర్పు, రిజిస్ట్రార్ నియామకం, ఫీజు నిర్ణయం, ఆడిట్ ఏవీ ఒకదానిలో ఉన్నట్టు మరొకదానిలో ఉండవు.

పీజీ కేంద్రంగా ఉన్నంతకాలం ఒక ప్రాంగణానికి కావలసింది పాఠం చెప్పేవాళ్లు, హాజరుపట్టీ, హాస్టలు. విశ్వవిద్యాలయమైన మర్నాడు దానికి పరీక్షల కంట్రోలర్ కావాలి, ఫైనాన్స్ అధికారి కావాలి, అనుబంధ కళాశాలలను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే యంత్రాంగం కావాలి, పాలకమండలికి అజెండా తయారుచేసే చెయ్యి కావాలి, కోర్టు కేసులకు జవాబు రాసే చెయ్యీ కావాలి. బోర్డు మార్చినంత తేలిగ్గా ఈ చేతులు తయారుకావు. కళాశాలల స్థాయిలోనూ అంతే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థల ముందు కొన్ని ప్రత్యామ్నాయాలు పెట్టింది: సంస్థను ఆస్తులతో సహా అప్పగించడం, ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం అప్పగించి ప్రైవేటుగా కొనసాగడం వంటివి. నిరసనలు వచ్చాక, ఎప్పటిలాగే ఎయిడ్‌తో నడవవచ్చన్న వెసులుబాటూ ఇచ్చింది. అలాంటి నిర్ణయానికి ట్రస్టు దస్తావేజు, సర్వీసు నిబంధనలు, విద్యార్థుల ఫీజు భారం, దాతలు రాసిచ్చిన ఆస్తుల షరతులు నాలుగూ ఒకే బల్లమీద పెట్టి చదవగలిగిన మనిషి కావాలి. అలాంటి మనిషిని తయారుచేసే చదువు ఈ రెండు జిల్లాల్లో ఏ తరగతి గదిలోనూ లేదు.

ఈ వ్యాసం వాదన ఇది. ఉన్నత విద్యా పరిపాలనలో పీజీ స్థాయి చదువు ఉత్తరాంధ్రకు అవసరం. అది కావలసింది వైస్ ఛాన్సలర్లకు కాదు, వారి వెనక ఉండే రెండో వరుసకు: అసిస్టెంట్ రిజిస్ట్రార్లు, సూపరింటెండెంట్లు, అంతర్గత నాణ్యతా విభాగాల (ఐక్యూఏసీ) సమన్వయకర్తలు, పరీక్షల విభాగం వాళ్లు, ఉన్నపళంగా ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ బాధ్యత మీద పడ్డ అధ్యాపకులు. ఈ వరుసకు సరిపడే దారి ఆన్‌లైన్, దూరవిద్యల కలయికే. మన చర్చంతా పై పదవుల చుట్టూ తిరుగుతోంది. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనలు పరిశ్రమల నుంచి, ప్రభుత్వ పాలన నుంచి వచ్చినవారూ వీసీలు కావచ్చనగానే పత్రికలు సంపాదకీయాలు రాశాయి. అసిస్టెంట్ రిజిస్ట్రార్ అర్హత మీద సంపాదకీయం ఎవరు రాస్తారు? నిబంధనల ప్రకారం ఆ పదవికి ఏదో ఒక సబ్జెక్టులో 55 శాతం మార్కులతో పీజీ ఉంటే చాలు. 2018 నాటి యూజీసీ నిబంధనలు కళాశాల ప్రిన్సిపాల్‌కు పీహెచ్‌డీ, పదిహేనేళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, కనీసం పది ప్రచురణలు, 110 పరిశోధన స్కోరు అడుగుతాయి. బడ్జెట్ చదవడం వచ్చా అని మాత్రం అడగవు. మన రాష్ట్రంలో హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా పదోన్నతి కావాలంటే సాధారణంగా ఏపీపీఎస్సీ పెట్టే జీవోటీ, ఈవోటీ అనే శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. ట్రెజరీ బిల్లు ఎలా పెట్టాలో, సెలవు నిబంధన ఏమిటో తెలియకుండా బడి నడపలేమని విద్యాశాఖ ఎప్పుడో ఒప్పుకుంది. బడికి అక్కర ఉన్న జ్ఞానం కళాశాలకు అక్కర లేకుండా ఎలా పోయిందో అర్థం కాదు.

ఇది ఒక శాస్త్రమేనా, దీనికి పీజీ ఎందుకు అన్న సందేహం సహజం. అమెరికాలో క్లార్క్ విశ్వవిద్యాలయంలో జి. స్టాన్లీ హాల్ 1893లోనే ఉన్నత విద్య మీద ఒక పాఠ్యక్రమం నడిపారు. తర్వాతి తరాల్లో అది అక్కడ ప్రత్యేక పట్టాగా స్థిరపడింది. మన దేశంలో విద్యా ప్రణాళిక, పాలనల శిక్షణ 1962లో యునెస్కో ప్రాంతీయ కేంద్రంగా ఢిల్లీలో మొదలై, ఇవాళ నీపాగా మనకు తెలిసిన డీమ్డ్ విశ్వవిద్యాలయం వరకు వచ్చింది. ఇగ్నో ఉన్నత విద్యలో పీజీ డిప్లొమా, విద్యా నిర్వహణలో మరో డిప్లొమా రూపొందించింది. దాని ఎంఏ ఎడ్యుకేషన్‌లో ఉన్నత విద్యనే ప్రత్యేకాంశంగా ఎంచుకునే వీలుంది. అయితే ఈ విషయంలో తెలుగువారికి అన్నిటికంటే దగ్గరి సాక్ష్యం జి. రామ్‌రెడ్డి జీవితమే. ఆయన ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం ఆచార్యులు, తర్వాత అక్కడే ఉపకులపతి. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. 1985లో ఇగ్నోకు తొలి ఉపకులపతి అయ్యారు, 1991లో యూజీసీ అధ్యక్షులయ్యారు. పాలనను పాఠ్యాంశంగా చదివి, బోధించి, పరిశోధించిన వ్యక్తి కట్టిన నమూనానే తర్వాత దేశమంతా అనుసరించింది. దీన్ని యాదృచ్ఛికమనుకునేవారు అనుకోవచ్చు. అధ్యయన కేంద్రం, కౌన్సిలర్, ముద్రిత పాఠం, రేడియో పాఠం, పరీక్ష అనే గొలుసును ఊహించడానికి సంస్థాగత ఆలోచన కావాలని నేననుకుంటాను.

ఇక ఆన్‌లైన్ ఎందుకు? ఇచ్ఛాపురంలో పనిచేసే అధ్యాపకురాలో, పాలకొండలో సీనియర్ అసిస్టెంటో రెండేళ్లు సెలవు పెట్టి ఢిల్లీ వెళ్లి చదవలేరు. శ్రీకాకుళం నుంచి విశాఖకు వంద కిలోమీటర్లుంటే, ఇచ్ఛాపురం దానికి రెట్టింపు పైచిలుకు దూరం. ఇల్లు, పిల్లలు, మూల్యాంకన శిబిరాలు, ఎన్నికల డ్యూటీలు అన్నీ నెత్తిన ఉన్న మనిషికి రెగ్యులర్ పీజీ అందని పండే. ఇది సౌకర్యానికి సంబంధించిన మాట. దీనికంటే బలమైన కారణం ఇంకొకటుంది. పాలన చదివే విద్యార్థికి ప్రయోగశాల అతని ఆఫీసే. సోమవారం రాత్రి అఫిలియేషన్ నిబంధనల మీద పాఠం విన్న సూపరింటెండెంట్ మంగళవారం పొద్దున అదే ఫైలు తెరుస్తాడు. రెగ్యులర్ విద్యార్థికి ఇంటర్న్‌షిప్‌గా కొన్ని వారాలు దొరికేది ఇతనికి ప్రతిరోజూ దొరుకుతుంది. అందుకే సాధారణంగా ఆన్‌లైన్ చదువును రెగ్యులర్‌కు బదులుగా, కాస్త తక్కువరకంగా చూసినా, ఈ సబ్జెక్టులో మాత్రం ఉద్యోగంలో ఉంటూ చదవడమే మేలైన పద్ధతి. యూజీసీ 2020 నిబంధనలు గుర్తింపు పొందిన ఆన్‌లైన్, దూరవిద్య పట్టాలకు రెగ్యులర్ పట్టాతో సమాన హోదా ఇచ్చాయి. కాబట్టి చట్టపరమైన అడ్డంకి తొలగిపోయింది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని 1926లో మొదలుపెట్టిన కట్టమంచి రామలింగారెడ్డి ఏ పరిపాలనా పట్టా పుచ్చుకున్నారు? 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వవేత్త. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దాని తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, 1936లో ఆయన స్థానంలోకి వచ్చినవారు ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. సంస్థలు వెలిగాయి కదా! వెలిగాయి. అయితే ఆ సంగీత కళాశాల సంస్థాన పోషణలో నడిచింది. నిధులు రాజుగారివి, ప్రతిష్ఠ దాసుగారిది, మధ్యలో నింపవలసిన ఫారాలు లేవు. 1994లో విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ ఏర్పడ్డాక, దాని ఏడు ప్రమాణాల్లో ఆరోది పాలన, నాయకత్వం, నిర్వహణలే అయ్యాక, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే (ఐష్) ఏటా అంకెలు అడగడం మొదలుపెట్టాక, విద్వత్తు ఒక్కటే సంస్థను మోయలేదు. ఇంకో సంగతి: కట్టమంచివారి వెనక కూడా లెక్కలు రాసి, రిజిస్టర్లు నడిపి, పరీక్షలు జరిపించిన ఉద్యోగులుండేవారు. వాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదు కనుక వాళ్లు లేరనుకుంటున్నాం. నేను పట్టా అడుగుతున్నది ఆ పేరులేని వరుసకే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పరిపాలనను ప్రత్యేక చదువుగా చేస్తే విశ్వవిద్యాలయాన్ని కంపెనీలా నడిపే మేనేజర్ల వర్గమొకటి పుట్టుకొస్తుంది, ఆచార్యుడు వాళ్ల కింద ఉద్యోగి అవుతాడు, చదువుకు విలువ కట్టేది పట్టికలే అవుతాయన్న భయమిది. పాశ్చాత్య దేశాల్లో పాలనా సిబ్బంది పెరిగి అధ్యాపకుల స్వాతంత్ర్యం తరిగిందన్న విమర్శ గట్టిగానే ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అయితే మన కళాశాలల్లో పరిస్థితి తలకిందులుగా ఉంది. ఇక్కడ అధ్యాపకుడి చేతిలో అధికారం లేకపోవడానికి కారణం మేనేజర్లు ఎక్కువ కావడం కాదు, నిబంధన తనకు తెలియకపోవడం. రూలు ఒప్పుకోదండీ అని సెక్షన్‌లో ఎవరో అంటే, ఏ రూలు, ఏ జీవో, ఏ సంవత్సరానిది అని తిరిగి అడగగలిగిన ప్రిన్సిపాల్ ఎంతమంది? అడగలేనిచోట ఫైలు తెలిసినవాడిదే రాజ్యం. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఏ హక్కులున్నాయో, పాలకమండలి ఎక్కడ ఆగాలో, ప్రభుత్వం దేన్ని ఆదేశించగలదో దేన్ని సూచించగలదో తెలిసిన అధ్యాపకుడే విద్యా స్వాతంత్ర్యాన్ని కాపాడగలడు. కాబట్టి ఈ కోర్సులో సగం సీట్లయినా బోధనలో ఉన్నవారికే ఉండాలి. ఎంబీఏ పాఠాలకు విద్య అనే లేబుల్ అంటించి అమ్మే కోర్సు అయితే అభ్యంతరం చెప్పేవారితో నేనూ గొంతు కలుపుతాను. కొఠారీ కమిషన్, రాధాకృష్ణన్ కమిషన్ నివేదికలు చదవకుండా బ్యాలెన్స్ షీట్ ఒక్కటే నేర్చినవాడు విశ్వవిద్యాలయానికి ప్రమాదమే.

ఆన్‌లైన్ పట్టాల నాణ్యత మీద అనుమానం మూడోది. అది అకారణమని అనలేం. దూరవిద్యలో ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్స్ షాపుల దగ్గర రెడీమేడ్‌గా దొరికే రోజులు మన ఊళ్లకు కొత్త కాదు. ఎడ్‌టెక్ సంస్థలతో కలిసి విదేశీ విశ్వవిద్యాలయాలు ఇక్కడ ఇస్తున్న ఆన్‌లైన్ పట్టాలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరించింది కూడా. అందమైన ప్రకటన చూసి డబ్బు కట్టేముందు ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం యూజీసీ అనుమతి జాబితాలో ఉందో లేదో చూసుకోవడం అభ్యర్థి మొదటి పని. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సిగ్నల్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడివారికి రికార్డు చేసిన పాఠాలు, అచ్చు పుస్తకం, దగ్గర్లో ఒక అధ్యయన కేంద్రం తప్పనిసరి. కానీ మోసం జరిగేది మాధ్యమం వల్ల కాదు, ప్రశ్న వల్ల. నాయకత్వ లక్షణాలు వివరింపుము అని అడిగితే ఏ షాపులోనైనా జవాబు దొరుకుతుంది. మీ కళాశాలలో గత ఐదేళ్లలో మొదటి సంవత్సరం చేరి మూడో సంవత్సరానికి రాకుండా పోయిన విద్యార్థులెవరు, ఏ మండలాలవారు, ఏ సెమిస్టర్‌లో జారిపోయారు అని అడిగితే ఆ జవాబు అమ్మడానికి ఎవరి దగ్గరా ఉండదు.

ఉద్యోగ ప్రకటనలో అడగని పట్టా ఎందుకు చదవాలన్నది చివరి ప్రశ్న. దీన్ని తప్పనిసరి అర్హతగా పెట్టమని నేననను. పెడితే ఏడాది తిరగకముందే పట్టా కాగితంగా మిగులుతుంది. పదోన్నతుల్లో కొంత వెయిటేజీ ఇస్తే చాలు. ప్రారంభించడానికి కొత్త భవనం అక్కర్లేదు. దూరవిద్య నడపడానికి కావలసిన న్యాక్ అర్హత 4కు 3.01. ఆంధ్ర విశ్వవిద్యాలయం 2023లో 3.74 సాధించింది. 1972 నుంచి దూరవిద్య నడిపిన అనుభవం, పాలనాశాస్త్రం, విద్యాశాస్త్రం, న్యాయశాస్త్ర విభాగాలు దానికున్నాయి. ఒక కోర్సులో 40 శాతం దాకా క్రెడిట్లు కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ నుంచి తీసుకునే వీలు 2021 నుంచి ఉంది కనుక సాధారణ పాఠాలకు అక్కడి కోర్సులు వాడుకోవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సొంతంగా రాసుకోవలసింది మిగతా భాగమే: నాలుగు చట్టాల తులనాత్మక అధ్యయనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు చిన్న కళాశాల నగదు నిర్వహణ, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే విద్యార్థుల ప్రవేశ పత్రాలు, ఏజెన్సీ హాస్టళ్ల పాలన. వీటికి పాఠ్యపుస్తకాలు లేవు. తొలి రెండు బ్యాచ్‌ల విద్యార్థులు రాసే పరిశోధన పత్రాలే మూడో బ్యాచ్‌కు పుస్తకాలు కావాలి, ఎచ్చెర్ల, విజయనగరం గ్రంథాలయాల్లో అవి అందరికీ అందుబాటులో ఉండాలి.