నవ్వుల సంసారము: ‘యే జో హై జిందగీ’

శృంగారమునుండి హాస్యము జనించునని భరతముని నాట్యశాస్త్రమునందు చెప్పియున్నాడు. ప్రేమ గంభీరమైనదనియు, నవ్వు తేలికయైనదనియు తలచువారికి ఈ మాట వింతగా తోచును. కాని భార్యాభర్తల నిత్యజీవితమును గమనించినవారికి ఇందలి సత్యము సులభముగనే బోధపడును. అలుకలు, అపార్థములు, చిన్న చిన్న దాపరికములు, అవి బయటపడినపుడు కలుగు తబ్బిబ్బు, ఇవి యన్నియు ప్రేమ యున్నచోట నవ్వు పుట్టించును. ప్రేమ లేనిచోట ఇవియే కలహములగును. ఈ సూత్రమును భారతదేశపు టెలివిజన్ తెరపై వారము వారము నిరూపించి చూపినది ‘యే జో హై జిందగీ’ యను హిందీ ధారావాహిక. 1984లో దూరదర్శన్ ప్రసారము చేసిన ఈ కార్యక్రమము, ఒకే కుటుంబము చుట్టును వారమునకొక హాస్యకథ చొప్పున అల్లెడి ‘సిట్‌కామ్’ అను ప్రక్రియకు మన దేశమున ఆద్యమని పేరొందినది.

దీని విలువ తెలియవలెనన్న, అంతకు పూర్వము టెలివిజన్ నడచిన బాటను కొంత స్మరింపవలయును. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ప్రసారములు మొదలయ్యెను. ఆనాటినుండియు ప్రభుత్వము ఈ సాధనమును ముఖ్యముగా విద్యాబోధనకు, అభివృద్ధికి ఉద్దేశించినది. పాఠశాలల పాఠములు వచ్చినవి. 1967లో రైతులకొరకు ‘కృషి దర్శన్’ వచ్చినది. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములను చేర్చిన మహాప్రయోగము జరిగినది. ఆ గ్రామములలో ఆంధ్రప్రదేశమునకు చెందినవియు కలవు. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారమును, జాతీయ కార్యక్రమమును ప్రారంభమయ్యెను. సినిమా పాటలు, చలనచిత్రములు అపుడపుడు వినోదము కూర్చుచుండెను గాని, అవి వెండితెరనుండి తెచ్చుకొన్న అరువు సొమ్ములు. గృహస్థుని పొలమును, ఆరోగ్యమును, పిల్లల చదువును పట్టించుకొన్న ఈ సాధనము, అతని ఇంటిలోని నవ్వును మాత్రము తనంతట తాను ఇంకను పలుకరింపలేదు.

1984వ సంవత్సరము ఈ కథలో మలుపు. ఆ యేడు జులై 7న ‘హమ్ లోగ్’ ధారావాహిక మొదలయ్యెను. మధ్యతరగతి కుటుంబపు కష్టసుఖములను చిత్రించిన ఆ రచన మనోహర్ శ్యామ్ జోషిది. కుటుంబ నియంత్రణము వంటి సంఘహిత విషయములను కథలో ఇమిడ్చి చెప్పుట దాని ఆశయములలో ఒకటి. ప్రతి భాగము చివరను ప్రఖ్యాత నటుడు అశోక్ కుమార్ కనుపించి, కథాసారమును వివరించి, ప్రేక్షకులను ఆలోచింపజేసెడివారు. ఆ సంవత్సరముననే వచ్చిన ‘యే జో హై జిందగీ’లో అట్టి ఉపదేశకుడు లేడు. కథ ముగిసినది, నవ్వు మిగిలినది, అంతే. పాఠము చెప్పుటకు అలవాటుపడిన సాధనము, పాఠము చెప్పకుండ ఒక అరగంట ఊరకుండుట చిన్న విషయము కాదు. పౌరుని నవ్వించుటయు తన కర్తవ్యములలోనిదేయని అది అంగీకరించినట్లయ్యెను.

ఇందలి సంసారము రంజిత్ వర్మ, రేణులది. రంజిత్ ఉద్యోగస్థుడు, రేణు గృహిణి. రేణు తమ్ముడు రాజా, పని లేని యువకుడు, అక్కగారింటనే మకాము. బావమరదుల సరసము ఇంటిలో నుండగా, ఆఫీసులో పై అధికారి బెడద వేరొకటి. రంజిత్‌గా షఫీ ఇనాందార్, రేణుగా స్వరూప్ సంపత్, రాజాగా రాకేశ్ బేదీ నటించిరి. అధికారి పాత్ర టీకూ తల్సానియాకు పేరు తెచ్చినది. ఇక సతీశ్ షా ప్రతి భాగమునందును ఒక కొత్త వేషముతో ప్రత్యక్షమగుచుండెను. ఈ వారము ఆయన ఎవరుగా వచ్చునో చూతమని ఎదురుచూచుట ప్రేక్షకులకొక వేడుక. మన పల్లెలలో పగటివేషగాండ్రు దినమునకొక వేషముతో వాకిట నిలుచుట ఎరిగిన తెలుగువారికి ఈ వేడుక కొత్తది కాదు.

దీనిని రచించినవారు హిందీ వ్యంగ్యసాహిత్యమున సుప్రసిద్ధులైన శరద్ జోషి. 1931లో ఉజ్జయినిలో జన్మించిన వీరు కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, పిదప దానిని విడిచి కలమునే జీవనాధారముగా చేసికొనిరి. ఆఫీసుల తీరును, చిన్న ఉద్యోగి బ్రతుకును లోపలినుండి ఎరిగిన హాస్యము వీరిది. దర్శకులలో ముఖ్యుడు కుందన్ షా. 1983లో ‘జానే భీ దో యారో’ యను వ్యంగ్యచిత్రమును తీసి పేరు గడించినవాడు. మంజుల్ సిన్హా, రమణ్ కుమార్‌లు కూడ కొన్ని భాగములకు దర్శకత్వము వహించిరి. ప్రారంభగీతమును కిశోర్ కుమార్ పాడెను.

ఈ ధారావాహిక సాధించిన విశేషమేమి? మన చలనచిత్రములలో ప్రేమకథ చాలవరకు పెండ్లిపీటలపై ముగియును. ఇది పెండ్లి తరువాతనే ఆరంభమైనది. ఇందు ప్రేమ యనగా ఉద్యానవనములలో పాటలు కావు. సాయంకాలము ఇంటికి వచ్చిన భర్త ముఖము చూచి, ఆఫీసులో ఏమి జరిగినదో భార్య ఊహించుట. పొరపాటు చేసినవాడు భర్తయైనను, భార్యయైనను, నవ్వు ఇద్దరిపైనను సమముగా వ్రాలినది. ఎవరినో ఒకరిని కించపరచి నవ్వించుట సులభము. ఇద్దరి గౌరవమును నిలిపి నవ్వించుట కష్టము. ఈ కష్టమైన పనిని వారు వారము వారము చేసిరి.

తెలుగు పాఠకులకు ఇచ్చట మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతము జ్ఞప్తికి రాక మానదు. స్వల్ప జీతముగల బడిపంతులు ఇంటిలో భార్యాభర్తల మాటపట్టింపులనుండి ఎంతటి మధురహాస్యము పుట్టునో, ఆయన ఎన్నియో దశాబ్దములకు పూర్వమే నిరూపించిరి. రేణు కాంతమును ఎరుగదు. శరద్ జోషి కాంతము కథలు చదివిరని చెప్పుటకు ఆధారమును లేదు. అయినను వారిద్దరును ఒక తల్లి బిడ్డలవలె తోతురు. ఆ తల్లి భారతదేశపు మధ్యతరగతి గృహము. భాష మారినను అందలి అలుక మారలేదు, నవ్వును మారలేదు. ఉద్యోగరీత్యా పరప్రాంతములలో కాపురముండు తెలుగువారికి ఈ సత్యము వేరుగా చెప్పనక్కరలేదు. ప్రక్కవాటాలోని సంసారము ఏ భాషదైనను, గోడకు ఈవల వినవచ్చు నవ్వునకు అనువాదము పనిలేదు.

1984 దేశమునకు మిక్కిలి దుఃఖకరమైన సంవత్సరము. అక్టోబరు 31న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ హత్యకు గురియైనది. ఆ వెంటనే ఢిల్లీలోను, ఇతర నగరములలోను వేలకొలది సిక్కులు హతులైరి. డిసెంబరు మొదట భోపాలులో విషవాయువు వేలమంది ప్రాణములు గొన్నది. అట్టి కాలమున ఒక హాస్యకథకు విలువ యేమని ప్రశ్నింపవచ్చును. ఆ దుఃఖమును ఏ హాస్యమును మాన్పజాలదు. కాని పొరుగువానిపై నమ్మకము సడలిన వేళ, ఒక సామాన్య గృహము తలుపు తెరచి అందరిని లోపలికి పిలిచి నవ్వించుట వ్యర్థమైన పని యని చెప్పుటకును వీలులేదు.

తరువాతి చరిత్ర వేగముగా సాగినది. 1987 జనవరిలో ‘రామాయణ్’ ఆరంభమై దేశమునంతను టెలివిజన్ ముందు కూర్చుండబెట్టినది. 1990 తరువాత ఉపగ్రహ ఛానళ్లు వచ్చి, ఇంటింటికి ఒకే కార్యక్రమమను కాలము గతించినది. హాస్యధారావాహికలు పెక్కులయ్యెను. కిశోర్ కుమార్ 1987లోను, శరద్ జోషి 1991లోను, షఫీ ఇనాందార్ 1996లోను, కుందన్ షా 2017లోను పరమపదించిరి. ఎన్నో వేషములలో నవ్వించిన సతీశ్ షా 2025 అక్టోబరు 25న దివంగతుడయ్యెను.

నటులలో కొందరు గతించిరి గాని, వారు చూపిన సంసారము ప్రతి వీధిలోను నేటికిని సాగుచునే యున్నది. తన పొరపాటునకు తానే మొదట నవ్వగల భర్తయు, ఆ నవ్వులో పాలుపంచుకొని దానిని మరునాడు దెప్పని భార్యయు ఉన్నంతకాలము, భరతముని మాటయు, ఈ చిన్న ధారావాహిక చెప్పిన కథయు పాతబడవు.