నస్బందీ క్యాంపుల తారీఖ్: గఫ్లత్ ఎక్కడ మొదలైంది?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారీ దవాఖానాలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. మిగతావారిని నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. తహ్కీకాత్ జరిగింది, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. మా శేరిగూడ గరీబులకు కూడా దిక్కు ఆ దవాఖానాయే.

"డాక్టర్లకు రహమ్ లేదు" అనేయడం ఆసాన్. కానీ ఈ గఫ్లత్‌కు ఒక పాత తారీఖ్ ఉంది.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెలలో 60 వేలకు పైగా మగవాళ్లకు నస్బందీ చేశారు. దేశమంతా దాన్ని కామ్యాబీ అంది. అక్కడి నుంచి మనిషి కన్నా లెక్క ముఖ్యమైంది. ఎమర్జెన్సీలో, 1976–77లో, ఆ లెక్క 80 లక్షలు దాటింది. టీచర్లకూ కోటాలు పెట్టారు, కేసులు తేకపోతే జీతం ఆపారు. 1976 నవంబరులో హర్యానాలోని ఉత్తావర్ అనే ముస్లిం గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకెళ్లారు.

1977 ఎన్నికల్లో సర్కారు ఓడింది. ఆ ఖౌఫ్‌తో లీడర్లు మగవాళ్ల జోలికి వెళ్లడం మానేశారు, బోజా ఆడవాళ్ల మీద పడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడినవారు 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 శాతం.

1996లో టార్గెట్లు కాగితం మీద పోయాయి, ఆదత్ పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది మొదట్లో ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు సర్కారు ఆయనకు ఇనామ్ ఇచ్చింది! 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో క్యాంపులు ఆపాలని హుకుం ఇచ్చింది. ఇబ్రహీంపట్నం ఆ తర్వాతి మాట.

ఒక హిసాబ్ చూడండి. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య లాప్రోస్కోప్‌ను మందు ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. ఒకే పరికరం ఉంటే 34 మందికి నానబెట్టే వక్త్ ఒక్కటే 11 గంటలు దాటుతుంది. పరికరాలు తక్కువై జల్దీ ఎక్కువైతే ముందు కోత పడేది శుభ్రతకే. 

ఇది చెప్పి కసూర్ మాఫ్ చేయమనడం లేదు. నొప్పి అని ఏడ్చే ఔరత్‌ను కసురుకోవడం ఏ టార్గెట్టూ నేర్పదు, అది ఆ మనిషి జిమ్మేదారీ. కానీ కిందివాళ్లను సస్పెండ్ చేసి, లెక్కలు అడిగిన పైవాళ్లను వదిలేస్తే ఇన్సాఫ్ సగమే.

మన ఇళ్లలోనూ ఒక సవాల్ వేసుకోవాలి. మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, ఖత్రా తక్కువ. అయినా ప్రతిసారీ దవాఖానాకు బీవీనే ఎందుకు పంపుతున్నాం?