మోటారు ప్రమాదములు - క్లెయిము హక్కు కథ

గడచిన మాసమున మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో ఒకటి నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. సైకిలుపై పోవుచున్న తన తమ్ముని ఒక కారు ఢీకొని కాలు విరుగగొట్టినదనియు, కారు యజమాని "భీమా కంపెనీని అడుగుడు" అని చెప్పి ఊరకున్నాడనియు ఒక శ్రోత వ్రాసినారు. "ఆ కంపెనీ ఎవరో మాకు తెలియదు. మేమెవరమో దానికి తెలియదు. ఏ ముఖముతో పోయి అడుగవలెను?" అని వారి ప్రశ్న.

ప్రశ్న సామాన్యమైనదిగా తోచవచ్చును గాని, న్యాయశాస్త్రము ఈ ప్రశ్నతోనే పెక్కుసంవత్సరములు పెనగులాడినది.

ఒక ప్రమాదమునుండి రెండు క్లెయిములు పుట్టవచ్చును. నలిగిన బంపరునకు, పగిలిన అద్దమునకు కారు యజమాని కోరునది మొదటిది. ఇది ఒప్పందమునకు సంబంధించిన వ్యవహారము. ఆయన ప్రీమియము కట్టినాడు, కంపెనీ మాట యిచ్చినది. ప్రమాదమును ఆలస్యము లేక తెలుపుట, సర్వేయరు వచ్చి చూచువరకు మరమ్మతు ఆరంభింపకుండుట, లైసెన్సును రిజిస్ట్రేషను పత్రమును చూపుట, బిల్లులు దాఖలు చేయుట, ఇదియే దాని తంతు. కారు క్రింద పడినవాడు కోరునది రెండవది. వాని కెవరితోడను ఒప్పందము లేదు. భీమావారి పరిభాషలో వానికి "థర్డ్ పార్టీ" అని పేరు. యజమాని మొదటివాడు, కంపెనీ రెండవది, ఎముక విరిగినవాడు మూడవవాడు!

ఈ వరుస కొక కారణము కలదు. 1898లో అమెరికాలోని బఫలో నగరపు వైద్యు డొకరు తన మోటారు బండి నిమిత్తము భీమా పత్రము తీసికొనెను. మోటారు భీమాలో తొలి పత్రములలో ఒకటిగా దానిని చెప్పుదురు. వీధులనిండ గుఱ్ఱపు బండ్లున్న కాలమది. తన బండివలన ఎవరికైన హాని కలిగి వారు దావా వేసినచో తన ఆస్తి పోకుండుటయే ఆయన కోరినది. అనగా భీమా పుట్టినది యజమాని సంచిని కాపాడుటకే గాని, దెబ్బ తిన్నవానికి సొమ్ము చేర్చుటకు కాదు.

ఇందలి లోపము ఇంగ్లండులో బయటపడినది. గాయపడినవాడు దావా వేసి గెలుచును. ఇంతలో యజమాని దివాలా తీయును. భీమా కంపెనీ చెల్లించు సొమ్ము దివాలా ఆస్తిలో కలిసిపోవును. దానిని ఋణదాతలందరు పంచుకొందురు. కాలు పోయినవాడు వడ్డీవ్యాపారి వెనుక వరుసలో నిలువవలెను. ఎవని దేహమునకు తగిలిన దెబ్బవలన ఆ సొమ్ము పుట్టినదో వానికే అది దక్కకపోవుట ఎంత విపరీతము! 1930లో బ్రిటిషు పార్లమెంటు రెండు శాసనములు చేసెను. ఒకటి మూడవ వ్యక్తుల రక్షణకై భీమాను నిర్బంధము చేసినది. యజమాని దివాలా తీసినచో కంపెనీపై అతనికి గల హక్కును బాధితునకు బదిలీ చేసినది రెండవది. 1934 నాటి శాసనము మరియొక అడుగు వేసి, యజమానిపై వచ్చిన తీర్పును కంపెనీయే నేరుగా చెల్లించవలెనని విధించినది.

మన దేశమున 1939 మోటారు వాహనముల చట్టములోని ఎనిమిదవ అధ్యాయము ఈ సూత్రములనే గైకొన్నది. చట్టము ముందుగనే వచ్చినను, ఆ అధ్యాయము మాత్రము 1946 జూలై 1వ తేదీ వరకు అమలునకు రాలేదు. నాటినుండి భీమా లేని మోటారును రహదారిపై నడుపుట నేరమైనది. ఒప్పందములో లేని మనిషికి ఒప్పందపు ఫలము లభించెను. మా శ్రోత అడిగిన ప్రశ్నకు చట్టము చెప్పిన మొదటి సమాధానమిది.

అయినను తీర్పు చేతికి వచ్చునప్పటి మాట అది. తీర్పు వచ్చుట ఎట్లు? సివిలు కోర్టుకు పోవలెను. మృతుని కుటుంబమునకు ఆధారము 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము. మన దేశమున రైలు నడచిన రెండేండ్లకు పుట్టిన చట్టమది. కోరిన మొత్తమును బట్టి కోర్టు రుసుము కట్టవలెను. డ్రైవరు అజాగ్రత్తను రుజువు చేయవలెను. నిజము చెప్పవలెనన్న, ఈ రుజువే అన్నింటికంటె కష్టము. పోలీసులు వచ్చులోపల గుంపు చెదరిపోవును. మిగిలినవాడు క్లీనరు, వాడు యజమాని ఉప్పు తినువాడు.

1956 సవరణ క్లెయిముల ట్రిబ్యునళ్లకు దారి తీసెను. దావాకు బదులు దరఖాస్తు వచ్చినది. కాని ఆ దరఖాస్తును అరువది దినములలో దాఖలు చేయవలెనని నియమము పెట్టిరి. కాలికి పట్టీ వేసికొని మంచమున పడియున్నవానికి అరువది దినములనగా ఎంత? వానికి పట్టీయైన విప్పియుండరు. 1969 సవరణ ఆ గడువును ఆరు మాసములకు పెంచినది.

రుసుము సంగతియు తేలిపోలేదు. హర్యానా ప్రభుత్వ బస్సు క్రింద పడి మరణించిన యొకని భార్యయు కుమార్తెయు ట్రిబ్యునలును ఆశ్రయించిరి. కోర్టు రుసుము కట్టుటకు వారికి శక్తి లేదు. పేదలకు సివిలు కోర్టులలో గల మినహాయింపు ట్రిబ్యునలులో చెల్లదని వాదించుచు ప్రభుత్వము సుప్రీం కోర్టు వరకు పోయెను. 1979లో ఆ న్యాయస్థానము వాదమును త్రోసివేసెను. తన బస్సువలన వితంతువైన స్త్రీతో రుసుము నిమిత్తము ఒక ప్రభుత్వము అంతదూరము పోరాడవలసిన అవసరమేమో నాకు నేటికిని బోధపడలేదు.

ఇంతలో భీమా కంపెనీల స్వరూపమే మారినది. 1972 చట్టముచే 107 సంస్థలు జాతీయము చేయబడి, 1973 నాటికి నాలుగు కంపెనీలుగా కూర్చబడినవి. బాధితుని కష్టమునకు మాత్రము ఇది ముఖ్యము కాదు. తప్పెవరిదో రుజువు కావలెనని 1977లో సుప్రీం కోర్టు మరల స్పష్టపరచెను. 1980లో లా కమిషను తన 85వ నివేదికలో ఈ విషయమును పరిశీలించెను. 1982 సవరణతో మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు తప్పుతో నిమిత్తము లేకుండ ఇయ్యవలసి వచ్చినది. మొత్తములు స్వల్పములే. కాని క్లీనరు సాక్ష్యముపై ఆధారపడకుండ ఒక కుటుంబము సొమ్ము పొందగలుగుట దానితో ఆరంభమైనది.

1939 చట్టమునకు బదులుగా వచ్చిన 1988 చట్టము 1989 జూలై 1న అమలులోనికి వచ్చినది. 1994 సవరణ గడువును పూర్తిగ తొలగించెను. ప్రమాదము జరిగిన ఊరికే పోనక్కరలేకుండ, బాధితుడు తాను నివసించు చోటి ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేసికొనుటకు వీలు కల్పించెను. కూలికై దూరదేశము పోయి అచట లారీ క్రింద పడినవాని కుటుంబమునకు ఇది ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

పిమ్మట 2019 సవరణ. దీనిప్రకారము తప్పు రుజువు చేయకయే మరణమునకు ఐదు లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. పోలీసు అధికారి ప్రమాదము జరిగిన 48 గంటలలో తొలి నివేదికను ట్రిబ్యునలునకు పంపవలెనని 2022 నాటి నియమములు చెప్పుచున్నవి. అయితే 2022 ఏప్రిల్ 1 నుండి ఆరు మాసముల గడువు తిరిగి వచ్చినది! ఇరువదియేడేండ్లకు పైగా లేని కట్టు మరల పడినది. దానిని ప్రశ్నించుచు సుప్రీం కోర్టులో వ్యాజ్యములు దాఖలైనవి.

ఉత్తరము వ్రాసిన శ్రోత ప్రమాదపు తేదీని కూడ తెలిపినారు. లెక్కించి చూచితిని, ఐదవ మాసము నడచుచున్నది. ఈ ప్రసంగము ప్రసారమగువరకు ఆగుట ఉచితము కాదని వారికి వెంటనే జాబు వ్రాసితిని. పోలీసు స్టేషనులో ప్రథమ సమాచార నివేదిక నకలు తీసికొనవలెననియు, ఆసుపత్రి కాగితములలో ఒకటియు పారవేయవలదనియు, కారు నంబరును భీమా పత్రపు వివరములను పోలీసు కాగితముల నుండి వ్రాసికొనవలెననియు, భీమా కంపెనీ గుమ్మమునకు పోనక్కరలేదు, తమ జిల్లాలోని ట్రిబ్యునలునకు పోవలెననియు తెలిపితిని. జవాబు ఇంకను రాలేదు.